టక్కున ఆగిపోయిన టూ-ఇన్-వన్: ఐసీ జోలికి వెళ్లేముందు

మీరు రాసినదాంట్లో నాకు పనికొచ్చిన సంగతులు ఇవి. మీ మామగారు 1984లో కువైట్ నుంచి తెచ్చిన జపాన్ స్టీరియో టూ-ఇన్-వన్, అంటే రేడియో, క్యాసెట్ టేపు కలిసిన సెట్టు. ఎనిమిది పెద్ద సెల్లులు పడతాయి, కరెంటు మీదా నడుస్తుంది. పోయిన ఆదివారం క్యాసెట్ పాడుతుండగా పాట మధ్యలో టక్కున ఆగిపోయింది. డయల్ లైటు లేదు, రేడియో పలకదు, టేపు తిరగదు. పొగ రాలేదు, కాలిన వాసనా లేదు. దగ్గర్లోని మెకానిక్ మూత కూడా విప్పకుండా "ఐసీ పోయింది సార్, దొరకడం కష్టం, దొరికినా రెండు వేలవుతుంది" అన్నాడు. క్యాసెట్ ఇంకా లోపలే ఉంది.

ఆ ఐసీ మాట ముందు మర్చిపోండి. ఆంప్లిఫయర్ ఐసీ (శబ్దాన్ని పెంచే చిప్పు) పోతే ఒక పక్క స్పీకరు మూగబోతుంది, లేదంటే బరబరమంటుంది, లేదంటే పాటకు బదులు గుయ్‌మని హమ్మింగ్ వస్తుంది. మరీ షార్టయితే ఫ్యూజును కూడా వెంట తీసుకుపోతుంది. అంతేగానీ ఐసీ ఊరికే చచ్చిపోయినందుకు టేపు మోటారు ఆగదు, డయల్ లైటు ఆరదు. ఇంట్లో ఫ్యాను, లైటు, టీవీ మూడూ ఒక్కసారే ఆగితే ఫ్యాను వైండింగు కాలిందని ఎవరం అనుకోం, మీటరు బోర్డు దగ్గరికి వెళ్తాం. మీ సెట్టులోనూ మూడూ ఒకేసారి ఆగాయంటే మూడింటికీ ఉమ్మడిగా కరెంటు వచ్చే దారి ఎక్కడో తెగింది. ఆ దారిలో ఉండేవి నాలుగైదు వస్తువులే, అవీ చవకవే.

మీరు రాయని ముఖ్యమైన విషయం ఒకటుంది. సెల్లుల మీద నడుస్తుందా? ఈ ఒక్క జవాబుతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. సెల్లులు వేసి చూసేటప్పుడు మాత్రం కరెంటు తీగను గోడ ప్లగ్గులోంచి కాదు, సెట్టు వెనకాల సాకెట్‌లోంచి పూర్తిగా పీకేయండి. ఈ సెట్లలో తీగ గుచ్చగానే సెల్లులను పక్కకు తప్పించే స్విచ్చు ఆ సాకెట్‌లోనే ఉంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపేసి, తీగను సెట్టుకే వదిలేసి, ఎనిమిది కొత్త సెల్లులు వేసి "సెల్లుల మీదా రావట్లేదు" అన్నవాళ్లను చాలామందిని చూశాను. ఒకసారి నేనూ ఆ పని చేశాను, ఒప్పుకోవాలి.

ఎనిమిది సెల్లులు కొనడం దండగ అనిపిస్తే ఇంకో దారి ఉంది. మీ ఇంట్లో ఇంటర్నెట్ డబ్బాకి ఉండే అడాప్టరు మీద ఏం రాసి ఉందో చూడండి. చాలావాటికి 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటుంది. మీ సెట్టుకీ కావలసింది ఎనిమిది ఒకటిన్నరలు, అంటే 12 వోల్టులే. కానీ దాని పిన్నును సెట్టు పక్కనున్న "డీసీ ఇన్" రంధ్రంలో గుచ్చకండి. ఇప్పటి అడాప్టర్లకు పిన్ను నడిమధ్య ప్లస్ ఉంటుంది. ఆ కాలపు జపాన్ సెట్లలో చాలావాటికి మధ్యలో మైనస్. తిరగేసి ఇచ్చారంటే మెకానిక్ జోస్యం మీరే నిజం చేసినవారవుతారు. అడాప్టరు నుంచి వచ్చే రెండు తీగలకు మొసలి క్లిప్పులు తగిలించి, సెల్లుల గదిలో మొదటి స్ప్రింగుకీ చివరి రేకుకీ ఇవ్వండి. గది అడుగున సెల్లులు పెట్టే బొమ్మ ఉంటుంది, దాని ప్రకారం మొత్తం వరసకు ప్లస్ చివర ఏదో, మైనస్ చివర ఏదో చూసుకుని మల్టీమీటరుతో (వోల్టులు, ఓంలు కొలిచే మీటరు) ఒకసారి సరిపోల్చుకోండి.

ప్లస్ తీగలో మధ్యన బైకు ఇండికేటరు బల్బు ఒకటి వేయండి, 12 వోల్టులు 10 వాట్లది. ఇది నా పాత అలవాటు. సెట్టు లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టుకేమీ కాదు. బాగుంటే స్విచ్ వేయగానే ఒక్క క్షణం మిణుక్కుమని ఆరిపోతుంది, రేడియో సన్నగా పలుకుతుంది. అసలు మిణుక్కుమనకపోతే దారి తెగి ఉందన్నమాట. వాల్యూమ్ తగ్గించే ఉంచండి. పెంచితే కరెంటు ఎక్కువ లాగి, దానికి తగ్గట్టు బల్బే వోల్టేజీ తినేస్తుంది.

సెల్లుల గది తెరిచారు కాబట్టి దాన్నీ పరీక్షగా చూడండి. స్ప్రింగుల మీద తెల్లటి పొక్కులో, పచ్చటి చిలుమో ఉందంటే ఎప్పుడో సెల్లులు కారాయి. ఆల్కలైన్ సెల్లు కారితే అది క్షారం, దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిస్తే బుసబుసమని పోతుంది. మామూలు చవక సెల్లు కారితే ఆమ్లం, దానికి తినే సోడా కలిపిన నీళ్లు. ఏది వాడినా ఆ తర్వాత ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవంతో తుడిచి ఆరనివ్వాలి. స్ప్రింగు మెరిసిందని అక్కడితో వదిలేయకండి. దాని వెనక అతికిన ఎర్ర తీగను చూడండి. ఆ కారిన ద్రవం తీగ లోపల, ప్లాస్టిక్ తొడుగు కింద, దీపం వత్తిలో నూనె పాకినట్టు పైకి పాకుతుంది. పైన తొడుగు ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది. చివర కత్తిరించి చూస్తే రాగి ఉండాల్సిన చోట మసిలాంటి నల్లటి పోగులుంటాయి. వాటికి సోల్డరు అంటదు, నీటి బొట్టులా జారిపోతుంది. అలాంటి తీగను గీకుతూ కూర్చోవద్దు, మొత్తం మార్చేయండి.

ఇప్పుడు కరెంటు వైపు. దీనికీ మూత విప్పక్కర్లేదు. తీగను సెట్టుకు గుచ్చి, గోడ వైపు ప్లగ్గు చేతిలో పట్టుకుని (గోడలో కాదు, చేతిలో), దాని రెండు పిన్నుల మధ్య మల్టీమీటరును ఓంలలో పెట్టి కొలవండి. ఈ తరహా సెట్లలో చాలావాటికి ఆన్-ఆఫ్ స్విచ్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత ఉంటుంది. కాబట్టి సెట్టు ఆఫ్‌లో ఉన్నా మీకు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చుట్ట (గోడ కరెంటు వచ్చే వైపు చుట్ట) కొలత రావాలి. 220 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి అది వంద నుంచి కొన్ని వందల ఓంల దాకా ఉంటుంది. అలా వస్తే తీగ, సాకెట్, ప్రైమరీ మూడూ బాగున్నట్టే. ఏమీ రాకపోతే తీగను అక్కడక్కడా వంచుతూ చూడండి, ముఖ్యంగా ప్లగ్గు మెడ దగ్గర. ఒక్కోసారి ఒక్క తీగ మారిస్తేనే కథ ముగిసిపోతుంది.

సెట్టు వెనకో అడుగునో నాణెంతో తిప్పే వోల్టేజీ సెలెక్టరు కూడా చూడండి. గల్ఫ్ కోసం చేసిన సెట్లకు 110, 127, 220, 240 అని ఉండేది. సౌదీలో అప్పట్లో 127 వోల్టులు నడిచేది కాబట్టి ఆ అంకె. మీది 220 మీద ఉందని నా ఊహ, నలభై ఏళ్లుగా ఎవరూ ముట్టుకుని ఉండరు. 240 ఉంటే ఇకమీదట అక్కడ పెట్టండి. మన లైను లెక్కకు 230 అంటారుగానీ రాత్రి లోడు తగ్గాక 250 దాటే ఊళ్లున్నాయి. సెట్టు ఆఫ్ చేసినా ప్లగ్గు గోడలో ఉన్నంతసేపూ ట్రాన్స్‌ఫార్మర్ కాగుతూనే ఉంటుందని పైన చెప్పిన కొలతే చెబుతోంది కదా. ఆ ఆదివారం ఇంట్లో బల్బులు ఒక్కసారిగా భగ్గుమనడం, ఇంకేదైనా కాలడం జరిగిందేమో కూడా గుర్తు చేసుకోండి. వీధి స్తంభం మీద న్యూట్రల్ తెగితే ఇళ్లలోకి మూడొందల పైచిలుకు వోల్టులు రావడం మనకు కొత్త కాదు.

సెల్లుల మీద నడుస్తూ, ప్లగ్గు దగ్గర ఓంలు ఏమీ రాకపోతే, తీగ కూడా బాగుంటే, నా అనుమానం నేరుగా థర్మల్ ఫ్యూజు మీదికి పోతుంది. అది బయటికి కనిపించదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మీద పసుపు టేపు పొరల కింద, ప్రైమరీ తీగకు వరసలో, బియ్యపు గింజకు కాస్త పెద్దగా ఒక లోహపు గొట్టంలా ఉంటుంది. చుట్ట వేడెక్కి దాని మీద రాసిన డిగ్రీలు దాటితే లోపల తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. ఏ చప్పుడూ, పొగా లేకుండా పాట మధ్యలో ఆగడం దీని లక్షణమే. పాతదాని మీది అంకె చూసి అదే కొనండి. సాధారణంగా 115 లేదా 130 డిగ్రీలు ఉంటుంది, ఫ్యాన్ మోటార్లలో వేసేవీ అలాంటివే. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో అయితే రిచీ స్ట్రీట్‌లో అడిగితే ఇస్తారు. రైస్ కుక్కర్లో వేసే 180 పైచిలుకు డిగ్రీలది చేతికిస్తే వద్దనండి, అది తెగేలోపు ట్రాన్స్‌ఫార్మరే మాడిపోతుంది. అతికేటప్పుడు ఫ్యూజుకీ సోల్డరింగ్ ఐరన్‌కీ మధ్య కాలును పట్టకారుతో గట్టిగా పట్టుకోండి. లేదంటే ఐరన్ వేడికే కొత్తది అక్కడికక్కడే పోతుంది. నేను మొదటిసారి వరసగా రెండు పోగొట్టాను, మూడోది వేసేటప్పుడుగానీ బుద్ధి రాలేదు.

ఫ్యూజు బదులు తీగ ముక్క వేసి అతికేయడం మాత్రం వద్దు. ఇది ఇంట్లో పెద్దవాళ్లు మంచం పక్కన పెట్టుకునే వస్తువు.

ఫ్యూజు బాగుండి ప్రైమరీ తెగి ఉంటే, చుట్ట లోపలి సన్న తీగ బయటికొచ్చి పిన్నుకు చుట్టుకునే చోటును భూతద్దంతో చూడండి. కోనసీమ, విశాఖ వైపు తేమకు ఆ వెంట్రుకలాంటి తీగ పచ్చబడి సరిగ్గా అక్కడే తెగుతుంది. కొస దొరికితే బ్లేడుతో పూత గీకి మళ్లీ అతకొచ్చు. లోపల తెగితే వైండింగు షాపుకే. అడాప్టరు వేసేయొచ్చు కదా అంటారేమో. వేయొచ్చు, పని జరుగుతుంది, కానీ ఇప్పటి అడాప్టర్ల గోల మీడియం వేవ్‌లో జుమ్మని వినిపిస్తుంది. మీ మామగారు ఆకాశవాణి వింటారని రాశారు కాబట్టి ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌నే బతికించమంటాను.

థర్మల్ ఫ్యూజు ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది వేసి ప్లగ్గు పెట్టకండి. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత నాలుగు డయోడ్లుంటాయి, కరెంటును ఒకవైపే పోనిచ్చేవి. మల్టీమీటరును డయోడ్ గుర్తు మీద పెడితే ఒకవైపు 0.5 నుంచి 0.7 దాకా చూపాలి, రెండోవైపు ఏమీ చూపకూడదు. రెండువైపులా కుయ్‌మంటే ఆ డయోడు షార్టు. బోర్డు మీద అతికి ఉన్నప్పుడు కొలత మోసం చేస్తుంది, అనుమానమొస్తే ఒక కాలు పైకి లేపి కొలవండి. స్టీరియో సెట్టుకు 1ఎన్4007 రకం డయోడు కాస్త బక్కది, 1ఎన్5402 లాంటి 3 ఆంపియర్ల డయోడ్లు వేస్తే నిశ్చింత. పక్కనున్న పెద్ద కెపాసిటరు తల ఉబ్బిందా, అడుగున తడి ఉందా చూసి, ఉంటే అదే విలువలో 25 వోల్టులది వేయండి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 40 వాట్ల పాత ఫిలమెంటు గుండు బల్బును సీరీస్‌లో (ఒక తీగ మధ్యలో వరసగా) పెట్టే ఇవ్వండి. బల్బు నిండుగా వెలిగితే వెంటనే ఆపేయాలి.

సెల్లుల మీదా, కరెంటు మీదా రెండింటా చచ్చి ఉంటే ఇదంతా అనవసరం. ప్లగ్గు దగ్గర ఓంలు చక్కగా వస్తూ, సెల్లుల వైపు ఇండికేటరు బల్బు మిణుక్కుమనకపోతే తప్పు రెండు దారులూ కలిసిన తర్వాత ఉంది. నాకు వచ్చే సెట్లలో ఎక్కువ ఈ రకమే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మూత విప్పాలి. స్క్రూలు వెనకాల ఆరేడు కనిపిస్తాయి, కనిపించనిది ఒకటి సెల్లుల గదిలోనో, హ్యాండిలు కిందో ఉంటుంది. ఊడి రావట్లేదంటే అదే కారణం, బలవంతం చేయకండి. నలభై ఏళ్ల ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది. స్క్రూలను ఇడ్లీ రేకులో ఒక్కో వైపువి ఒక్కో గుంటలో వేసుకోండి, పొడుగువీ పొట్టివీ కలిస్తే బిగించేటప్పుడు పొడుగుది ముందు వైపుకు పొడుచుకొస్తుంది. మూత పూర్తిగా తెరిచేముందు వేళ్లు పట్టేంత సందు చేసి, స్పీకర్ల తీగలు, ఏరియల్ తీగ ఎక్కడికి పోతున్నాయో ఫోనుతో ఫోటో తీసుకోండి.

మొదట బోర్డు మీద గాజు ఫ్యూజు ఉందేమో చూడండి. ఉంటే దాని మొహమే సగం కథ చెబుతుంది. గాజు నల్లగా, అద్దంలా మెరుస్తూ ఉంటే లోపల గట్టి షార్టు ఉంది. గాజు శుభ్రంగా ఉండి తీగ మాత్రం నడుమ వేలాడి తెగితే వయసుతో పోయినట్టు, కొత్తది వేసి బల్బు పెట్టి చూడొచ్చు. గాజు తేటగా, తీగ తిన్నగా కనిపించినా మీటరు పెట్టండి, మూతి దగ్గర తెగినవి కంటికి ఆనవు.

ఫ్యూజు బాగుంటే కరెంటు తీగ గుచ్చే సాకెట్, దాని పక్కన డీసీ రంధ్రం. సాకెట్ లోపల వేలి గోరంత ఇత్తడి రేకు ఉంటుంది. తీగ గుచ్చినప్పుడు ఒక ప్లాస్టిక్ పుల్ల ఆ రేకును నెట్టి ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఆనిస్తుంది. తీస్తే స్ప్రింగులా వెనక్కొచ్చి సెల్లుల వైపు ఆనుతుంది. డీసీ రంధ్రంలోనూ అలాంటిదే ఉండి, చాలా సెట్లలో మొత్తం కరెంటు దాని గుండానే పోతుంది. నలభై ఏళ్లకు రేకు చేవ చచ్చి మధ్యలో నిలబడిపోతుంది, లేదా దాని మీద నల్లటి పొర కడుతుంది. స్పీకర్ల అదురుకు ఒకనాడు పాట మధ్యలో విడిపోతుంది. నిజామాబాద్ నుంచి ఒకాయన తెచ్చిన సెట్టుకు అప్పటికే ఇద్దరు ఐసీ మార్చారు. రెండోసారి వేసింది నకిలీది కూడా, పైన రాసిన అక్షరాలు ఐపీఏతో తుడిస్తే దూదికి అంటుకున్నాయి. అసలు తప్పు ఈ రేకుది. సన్నటి పుల్లతో రేకును వెంట్రుకవాసి వంచి, మధ్యలో కాగితం ముక్కకు కాంటాక్ట్ క్లీనర్ (స్విచ్చుల్లోని రేకులు శుభ్రం చేసే స్ప్రే) చల్లి రెండుసార్లు లాగాను, రేడియో పలికింది. కాగితం మీద కాటుకలా నల్లటి గీత మిగిలింది. ఆయన కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత పాత ఐసీ ఏమైందని అడిగాడు. ఏం చెప్పను? మొదటి మెకానిక్ దగ్గరే చెత్తబుట్టలో పోయింది.

ఇక రేడియో-టేపు మార్చే పొడుగాటి జారుడు స్విచ్చు. చాలా సెట్లలో ఆన్-ఆఫ్ పని కూడా ఇదే చేస్తుంది, దానికి వేరే స్విచ్చు ఉండదు. ఈ స్విచ్చు టేపు వైపు ఉంటే సెట్టు ఆఫ్, ప్లే మీట నొక్కితే దాని కింది ఆకు స్విచ్చు కరెంటు ఇస్తుంది. రేడియో వైపు పెడితే ఈ స్విచ్చే కరెంటు ఇస్తుంది. మీకు రెండు వైపులా ఏదీ రావట్లేదు కాబట్టి రెండు స్విచ్చులూ ఒకేరోజు పోయాయనుకోవడం కష్టం, అందుకే ఇది వరసలో చివర పెట్టాను. అయినా విప్పాక క్లీనర్ కొట్టి ముప్పైసార్లు అటూ ఇటూ జరపండి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వద్దు. రెండు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది. టైమరు స్విచ్చు గానీ, స్లీప్ మీట గానీ ఉంటే అవి మామూలు చోటే ఉన్నాయా చూడండి. పిల్లలు జరిపేస్తుంటారు.

ఇన్నింటి తర్వాత కూడా తేలకపోతే సెట్టుకు 12 వోల్టులు ఇచ్చి, మీటరు నల్ల తీగను మైనస్ దగ్గర కట్టేసి, ఎర్ర తీగతో సెల్లుల ప్లస్ నుంచి ఒక్కో మజిలీ నడవండి. సెల్లుల గది, సాకెట్ రేకు, డీసీ రంధ్రం, ఫ్యూజు అటు, ఫ్యూజు ఇటు, స్విచ్చు. ఏ రెండింటి మధ్య 12 కాస్తా సున్నా అవుతుందో తప్పు అక్కడ. ఐసీ కాలి దగ్గరికి 12 చేరి, బల్బు కూడా నిండుగా వెలగకుండా ఉండి, అప్పుడూ శబ్దం లేకపోతేనే ఐసీని అనుమానించండి. ఈ నడక కరెంటు తీగ తీసేసి, సెల్లులు లేదా అడాప్టరు మీదే చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు, తీగ గోడకు ఉంటే, 230 ఉంటుంది, అక్కడ వేలు పెట్టే పని లేదు.

కరెంటు వచ్చాక రేడియో పలికి టేపు మాత్రం తిరగకపోతే కంగారు పడకండి. మోటారు సన్నగా గిర్రుమంటుంటే బెల్టు సాగిపోయినట్టు, అది వేరే రోజు చూసుకోవచ్చు.

నాకు మూడు సంగతులు రాయండి: ప్లగ్గు పిన్నుల మధ్య ఎన్ని ఓంలు, సెల్లుల వైపు నుంచి ఇస్తే ఇండికేటరు బల్బు ఏం చేసింది, వోల్టేజీ సెలెక్టరు ఏ అంకె మీద ఉంది. వాటితో ఎక్కడ విప్పాలో చెబుతాను. ఈలోపు ఒక్క పని ఇవాళే చేయండి. పాట మధ్యలో కరెంటు పోయింది కాబట్టి ప్లే మీట ఇంకా లోపలికే ఉండి ఉంటుంది. ఆటోస్టాప్ పని చేయాలంటే మోటారు తిరగాలి, అది తిరగదు. అంటే ఆదివారం నుంచీ రబ్బరు రోలరు ఒకే చోట ఇనుప కడ్డీకి అదిమి ఉంది, మధ్యలో మీ మామగారి టేపు నలుగుతోంది. స్టాప్ మీట నొక్కండి, దానికి కరెంటు అక్కర్లేదు. తర్వాత తలుపు తెరిచి, క్యాసెట్‌ను లాగేయకుండా కాస్త పైకెత్తి టేపు లోపల చిక్కుకుందేమో చూసి, చిక్కుకుంటే నెమ్మదిగా విడదీసి, పెన్సిలుతో బిగువుగా చుట్టి డబ్బాలో పెట్టండి.